మెట్లు లేని శ్లాబు

మార్తకు కోపమెక్కువని గుణదలలో చాలామందికి తెలుసు. తాపీమేస్త్రి శౌరయ్య కూతురంటే ఏ కూతురని అడిగేవాళ్ళు కూడా కోపిష్టి మార్త అనగానే గుర్తుపట్టేవాళ్ళు. ఆమెది అరిచే కోపం కాదు. పెదవులు బిగించి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, ఒక్క మాట అనేది. ఆ మాట పడ్డవాళ్ళు చాలాకాలం మరిచిపోయేవాళ్ళు కాదు.

శౌరయ్యకు అక్షరాలు రావు గానీ ప్లాను చదవటం వచ్చు. పనిలోంచి వస్తూ సిమెంటు మరకలు పడ్డ నీలం ప్రింట్లు చంకలో పెట్టుకొచ్చి, నేల మీద పరిచి, నాలుగు మూలలా చెంబులూ గ్లాసులూ పెట్టి కూతురికి చూపించేవాడు. "ఈ రెండు గీతల మధ్య ఉన్నదంతా ఇటుక. ఈ వంపు గీత ఉందే, తలుపు అటేపు తెరుచుకుంటదన్నమాట." మార్తకు ఓనమాల కంటే ముందు తలుపులూ కిటికీలూ వచ్చాయి. స్కూలు ఫైనలు అయ్యాక ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సుకు దరఖాస్తు పట్టుకెళ్తే, అక్కడి గుమస్తా తలెత్తకుండానే, "ఆడపిల్లలకు కుట్టుపని అవతల బిల్డింగులోనమ్మా" అన్నాడు. "బోర్డు చదువుకునే ఇటు వచ్చానండీ" అంది మార్త. ఆ బ్యాచిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే.

చదువు డ్రాఫ్ట్స్‌మన్‌దే అయినా ఉద్యోగం మాత్రం ట్రేసరుది ఇచ్చారు. వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌను పైన, ఇంజనీరు వెంకటకృష్ణారావుగారి ఆఫీసులో. డ్రాఫ్ట్స్‌మన్ సాంబమూర్తి పెన్సిలుతో గీసిన బొమ్మ మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, ఇండియన్ ఇంకుతో తిరిగి దిద్దటం ఆమె పని. ఆ క్లాత్ మీంచే ప్రింట్లు తీసి మేస్త్రీలకు పంపేవాళ్ళు. సాంబమూర్తికి జ్వరమొస్తే బొమ్మలు కూడా ఆమే గీసేది. కింద మూలనున్న గడిలో 'గీసినవారు' అన్నచోట మాత్రం అతని పొడి అక్షరాలే పడేవి. ఆ గడి చూసినప్పుడల్లా మార్తకు ఒళ్ళు మండేది. పదేళ్ళు మండుతూనే పనిచేసింది.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చి దివిసీమను తుడిచిపెట్టింది. వెంకటకృష్ణారావుగారు అప్పటికి సర్కారు నౌకరీ నుంచి రిటైరైన మనిషి. అయినా ఆ వారంలోనే జీపులో బియ్యం బస్తాలు వేసుకుని అవనిగడ్డ దాటి వెళ్ళాడు. శవాల వాసనకు ముక్కుకు గుడ్డ కట్టుకుని, రెండు నెలలపాటు వస్తూ పోతూ అక్కడే తిరిగాడు. అందుకనే బయటి దేశపు విరాళాలతో ఇళ్ళు కట్టటానికి ముందుకొచ్చిన ఒక సహాయ సంఘం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి పని అప్పగించింది. కోడూరు అవతల, సముద్రం వైపు, పాటిదిబ్బ అనే పల్లెలో అరవై ఇళ్ళు.

ఆ ఇంటి ప్లాను మార్త చేతి మీదుగానే వెళ్ళింది. ఒక గది, వెనకాల వంటకు చిన్న చోటు, ముందు వరండా, పైన శ్లాబు. అరవై ఇళ్ళూ ఒకే బొమ్మ. పాక ఎగిరిపోయినవాళ్ళకు శ్లాబు ఇల్లు వస్తోందని ఆమెకు సంతోషమే వేసింది. గీతలు ఎప్పటికంటే శ్రద్ధగా దిద్దింది. ప్లాను, ఎదురు రూపం, ఇంటిని నిలువునా కోసి ఎత్తులు చూపించే నిలువుకోత, అన్నీ ఒకే షీటులో ముచ్చటగా కుదిరాయి. సంఘంవాళ్ళు మద్రాసులో దాని మీద సంతకాలు చేసి పంపారు.

సంక్రాంతి వెళ్ళాక స్థలంలో పునాదులకు ముగ్గు పోయించాల్సి వచ్చింది. సాంబమూర్తి నడుం నొప్పని రాలేనన్నాడు. "టేపు పట్టుకోవాలి, కొలతలు రాసుకోవాలి. నువ్వు రా మార్తా" అన్నాడు వెంకటకృష్ణారావుగారు. ఆ విధంగా ఆమె మొదటిసారి తను గీసిన ఇల్లు లేచే చోటుకు వెళ్ళింది.

చల్లపల్లి దాటేదాకా మామూలుగానే ఉంది. పులిగడ్డ వంతెన దాటాక చెట్లు మారిపోయాయి. తాడిచెట్లు మొండేల్లా నిలబడి ఉన్నాయి. పొలాల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పాటిదిబ్బలో టార్పాలిన్ గుడారాలు తప్ప ఏమీ లేవు. జీపు ఆగగానే జనం చుట్టూ మూగారు. ఇంజనీరుగారు బానెట్ మీద ప్రింటు పరిచి, పెన్ను మూతతో చూపిస్తూ ఓపికగా చెప్పాడు. ఇది మీ గది, ఇది వరండా, ఇది కిటికీ.

ముందు వరసలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై లోపు మనిషి. ఎవరో ఇచ్చిన చీర, ఎత్తు చాలక చీలమండల పైకి కట్టింది. పేరు దానమ్మ. ప్రింటును కాసేపు చూసి, "పైన శ్లాబేనా బాబుగారూ, తాటాకు కాదుగా?" అంది.

"శ్లాబేనమ్మా. ఎంత గాలొచ్చినా కదలదు."

"మరి పైకి మెట్లేయి?"

"మెట్లెందుకు? ఇది మేడ కాదు కదా, ఒకటే అంతస్తు."

"శ్లాబు మీదికి పోవటానికయ్యా."

సంఘం తరపున వచ్చిన గుమస్తా పక్కనే ఉన్నాడు. నవ్వుతూ, "పైకెక్కి ఏం చేస్తావు? వడియాలు పెట్టుకుంటావా?" అన్నాడు. ఇంజనీరుగారు కూడా చిన్నగా నవ్వాడు. జనంలో ఎవరూ నవ్వలేదు.

దానమ్మ అతని వైపు చూడలేదు. ఇంజనీరుగారితోనే చెప్పింది. గొంతు పెంచలేదు. "ఆ రోజు పొద్దుగూకేటప్పటికి నీళ్ళు నడుం దాకా వచ్చినయ్. అదిగో, ఆ గోడలు కనపడతన్నయ్యే, అది ధాన్యం గోడౌను. దానికీ ఇట్టాంటి శ్లాబే. అందరం అక్కడికి పోయాం. ఎక్కటానికి ఏం లేదు. మగాళ్ళు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు నిలబడి ఎక్కారు. ఎక్కినోళ్ళు ఉన్నారు. నేను నా కూతుర్ని పైకెత్తి పట్టుకున్నా. పైనుంచి ఒకాయన బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. నా బిడ్డ చేతికీ ఆయన చేతికీ మధ్య ఇంత." బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించింది. "ఇంతేనయ్యా. ఈ లోపల ఇంకో అల వచ్చింది. నేను తుమ్మకొమ్మకు తగులుకున్నా. అది తగులుకోలేదు."

గుమస్తా తల దించుకున్నాడు. ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చూద్దాంలేమ్మా" అన్నాడు. ఆ 'చూద్దాం'లో చూడటం లేదని మార్తకు అర్థమైంది. పదేళ్ళుగా వింటున్న మాటే అది.

ఆమె చేతిలో టేపు ఉంది. ప్రింటు వైపు చూసింది. తన చేత్తో దిద్దిన నిలువుకోత. నేల మట్టం, కిటికీ మట్టం, శ్లాబు మట్టం. నేల నుంచి శ్లాబు దాకా ఎత్తు ఎంతో బాణం గుర్తులు పెట్టి మరీ రాసింది. ఆ ఎత్తు మనిషి ఎట్లా ఎక్కుతాడని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ముందు తన మీదే కోపం వచ్చింది. ఆ తర్వాత వరసగా అందరి మీదా వచ్చింది.

తిరుగు దారిలో చల్లపల్లిలో టీ తాగటానికి ఆగారు. గ్లాసు పట్టుకుని కూడా తాగకుండా మార్త అడిగేసింది. "మెట్లు పెట్టలేమా సార్?"

వెంకటకృష్ణారావుగారు నిట్టూర్చాడు. "నాకు మాత్రం తెలీదా? ఆవిడ చెప్తుంటే నా కడుపు తరుక్కుపోలేదనుకున్నావా? అరవై ఇళ్ళకు అరవై మెట్ల వరసలు కట్టాలంటే పది ఇళ్ళు తగ్గించాలి. ఆ పది కుటుంబాలు ఎవరో నువ్వు చెప్పు, వాళ్ళను గుడారాల్లో ఉంచేద్దాం."

మార్త చల్లారిన టీ నేలమీద పారబోసింది. ఆ లెక్క ఆమెను ఇంకా మండించింది.

ఇంటికొచ్చాక కూడా అదే మంట. గిన్నెలు దభీమని పెడుతోంది. భర్త జాన్‌బాబు రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. నెమ్మది మనిషి. వింటూ అన్నం తిన్నాడు.

"ఆయన చెప్పిందాంట్లో న్యాయముంది గదా" అన్నాడు చివరికి.

"ఉంది. అందుకే ఒళ్ళు మండుతోంది. వడియాలు పెడతావా అన్నాడండీ ఆ గుమస్తా. ఈయన నవ్వాడు. నేను అక్కడే టేపు పట్టుకుని నిలబడ్డాను."

"నువ్వేం చేస్తావు?"

"గీసింది నేనే కదా."

వారం తిరక్కుండా మేస్త్రి పుల్లయ్య ప్రింట్ల కోసం ఆఫీసుకొచ్చాడు. పాటిదిబ్బ పని అతనిదే. ఇంజనీరుగారు లోపల ఎవరితోనో మాట్లాడుతుంటే, మార్త బల్ల దగ్గర బీడీ వెలిగించబోయి, ఆమె చూపు చూసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "ఆ పల్లె ఆడోళ్ళు నన్ను తినేస్తన్నారమ్మా" అన్నాడు. "ఒకావిడుంది, దానమ్మని. ఇద్దరిళ్ళకీ మధ్య రెండు గోడలెందుకు, ఒక గోడ చాలదా, ఆ ఇటికతో మెట్లు కట్టమంటది. రోజూ ఇదే పాట."

మార్త పెన్ను కింద పెట్టింది. "ఒక గోడ ఇటుకతో మెట్లొస్తాయా?"

పుల్లయ్య కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాడు. "రెండిళ్ళకి కలిపి ఒక వరసయితే వస్తయ్. కొంచెం అటూ ఇటూ. వెనక గోడకానిచ్చి కట్టొచ్చు. కానీ ప్లానులో లేదుగా, నేనెట్టా కడతా?"

ఆ మధ్యాహ్నం మార్త కొత్త షీటు బోర్డు మీద బిగించింది. విడివిడి ఇళ్ళను జంటలు చేసింది. మధ్య గోడ ఒకటే. రెండు శ్లాబులు కలిసి ఒకే శ్లాబు. వెనకవైపు పది పన్నెండు మెట్లు. సాంబమూర్తి దూరం నుంచి చూసి, "ఎవరు గియ్యమన్నారు?" అన్నాడు. మార్త స్కేలు జరిపి తర్వాతి గీత గీసింది. పని వదిలే వేళకు ఇంకా సగమే అయింది. మర్నాడు పూర్తిచేసి, ఎండీ ఎండని సిరాతోనే తీసుకెళ్ళి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు. పనిమంతుడు కాబట్టి కుదురుతుందని చూడగానే తెలిసింది. ఆ సంగతి ఆయన మొహంలో కనిపించింది కూడా. తర్వాత మొహం మూసుకుపోయింది.

"సంఘంవాళ్ళు ఒప్పుకోరు. అరవై ఇళ్ళు ఇస్తామని వాళ్ళ దేశంలో చెప్పుకున్నారు. ఫోటోలో అరవై ఇళ్ళు విడివిడిగా కనపడాలి. జంటలు కడితే ముప్ఫై ఇళ్ళలాగుంటాయి."

"ఫోటోలో ఉండటానికా సార్ ఇళ్ళు?"

"మార్తా."

"ఒక్కసారి అడిగి చూడొచ్చు కదా సార్. ఉత్తరం రాయొచ్చు."

"సంతకాలైన డిజైను. మళ్ళీ మద్రాసు పంపితే రెండు నెలలు. వానలొస్తాయి. ఎవరి పని వాళ్ళు చేస్తే బాగుంటుంది. నువ్వు ట్రేసరువి." ఆ షీటు మడిచి సొరుగులో పడేశాడు.

ట్రేసింగ్ క్లాత్‌ను ఎవరూ మడవరు. చుడతారు. మడిస్తే ఆ గీత ఇక పోదు. ఆయనకు తెలియక కాదు. మార్త తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ పూట గీసిన గీతలన్నీ బ్లేడుతో గీకేయాల్సి వచ్చింది. అదీ ఒక అవమానమే అనిపించింది.

ఆ బొమ్మకు ముందు వేసుకున్న పెన్సిలు చిత్తు ఇంటి దగ్గర ఉంది. దాన్నే మళ్ళీ మామూలు కాగితం మీద పెద్దదిగా దిద్దింది. ఆదివారం ఆమె చర్చిలో పూజకు వెళ్ళలేదు. జాన్‌బాబు గుడికి బయల్దేరుతూ ఆమె చంకలో కాగితపు చుట్ట చూసి ఆగాడు.

"ఉద్యోగం పోద్ది."

"పోతే పోనివ్వండి."

"పోతే పోనీగానీ" అన్నాడు జాన్‌బాబు, "బస్సులో వాంతి వస్తదిగా నీకు. నిమ్మకాయ పెట్టుకో."

అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి, చివర కొంత దూరం గట్టు మీద నడిచి పాటిదిబ్బ చేరింది. అప్పటికే ముగ్గు గీతల మీద పునాదులు తవ్వటం మొదలైంది. విడివిడి ఇళ్ళ లెక్కనే. మార్త దానమ్మ గుడారం ముందు కాగితం పరిచింది. తండ్రి ఇంట్లో పరిచినట్టే, మూలల మీద చెంబూ, పళ్ళెమూ, రెండు ఇటుక ముక్కలూ పెట్టింది. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు.

"ఇది గోడ. ఇటు మీ ఇల్లు, అటు మీ పక్కవాళ్ళది" అని మొదలుపెట్టింది. దానమ్మ వేలు ముందుకొచ్చింది. వరండాలోంచి గదిలోకి, గదిలోంచి వంట చోటుకు, వెనక తలుపులోంచి బయటికి, గీతల వెంట నడిచినట్టే నడిచింది. మెట్ల దగ్గరికొచ్చి ఆగింది.

"ఇయ్యేనా?"

"అవే."

దానమ్మ ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి పైదాకా వెళ్ళింది. చివర శ్లాబు మీద అరచెయ్యి పరిచి ఉంచి, "మరి ఆయన ఇది కట్టనన్నాడా?" అంది.

"సొరుగులో పడేశాడు."

"ఎందుకంట?"

మార్త చెప్పింది. ఫోటో సంగతి కూడా దాచలేదు. వెనకనుంచి ఒక ముసలావిడ, "ఫోటోకంట" అని పక్కామెకు చెప్పింది. ఆ మాట ఒకరినుంచి ఒకరికి పాకింది. దానమ్మ మొహంలో దుఃఖం ఉంటుందని మార్త అనుకుంది గానీ లేదు. తనకు బాగా తెలిసినదే ఉంది. పెదవులు బిగుసుకున్నాయి.

"ఈ కాగితం ఇక్కడ ఉంచి పో" అంది దానమ్మ.

బుధవారం పొద్దున ఆఫీసు మెట్లు ఎక్కుతుండగానే ఇంజనీరుగారి కేక వినిపించింది. పాటిదిబ్బ నుంచి కబురొచ్చింది. ఆడవాళ్ళు పునాది గుంతల్లో దిగి కూర్చున్నారు. పార వెయ్యనివ్వటం లేదు. మేస్త్రిని అడిగితే, విజయవాడ నుంచి ఒకమ్మ ప్లాను ఇచ్చిపోయింది, అట్టా కడితేనే లేస్తారంట అన్నాడు.

"జీపెక్కు" అన్నాడాయన. ఈసారి టీకి చల్లపల్లిలో కూడా ఆగలేదు.

ఎండ నిలువుగా కొడుతోంది. గుంతకు ఇద్దరు ముగ్గురు చొప్పున, కొంగులు తలమీద కప్పుకుని కూర్చున్నారు. చంటిపిల్లల తల్లులు కూడా ఉన్నారు. మగవాళ్ళు గట్టు మీద నిలబడి ఉన్నారు. పుల్లయ్య పనివాళ్ళు పారలు పక్కన పడేసి నీడ వెతుక్కున్నారు. దానమ్మ మొదటి గుంతలో ఉంది. మార్త ఇచ్చిన కాగితాన్ని ఒక కర్రకు కట్టి గుంత పక్కన పాతింది.

వెంకటకృష్ణారావుగారు ఆ కాగితం చూశాడు. మార్త వైపు తిరిగాడు. "నువ్వు పెట్టిన పెంట. నువ్వే చెప్పు వాళ్ళకి, లెమ్మని."

"నేను చెప్పను సార్."

"ఏమిటి?"

"వాళ్ళడిగింది తప్పని మీరు చెప్పండి. తప్పయితే నేనే చెయ్యి పట్టుకుని లేపుతాను."

ఆయన మొహం ఎర్రబడింది. "నేను ఇక్కడ శవాలు ఎత్తించాను. నువ్వు అప్పుడు ఎక్కడున్నావు? ఇవాళొచ్చి నాకు నీతులు చెప్తావా? వానలొస్తే వీళ్ళు గుడారాల్లో తడుస్తారు. అది నీ పాపమే."

"అవును, అప్పుడు నేను లేను. మీరున్నారు. గోడౌను కింద ఎంతమందిని ఎత్తించారు సార్?"

గోడౌను గోడల వైపు చూస్తూ ఆయన వెళ్ళి ఇటుకల గుట్ట మీద కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. తాగి, గ్లాసు తిరిగిచ్చి, "ఆ కాగితం ఇట్లా పట్రండి" అన్నాడు.

దానమ్మ గుంతలోంచి లేవకుండానే కర్ర పీకి అందించింది. ఆయన కాగితం మోకాళ్ళ మీద పరిచి, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. కాసేపయ్యాక విసురుగా మార్తను పిలిచాడు.

"ఈ మెట్టు ఎత్తు ఎంత పెట్టావు? ముసలివాళ్ళు ఎక్కగలరా దీన్ని? చీకట్లో, నీళ్ళలో?" ఎర్ర గీత కొట్టి కొత్త అంకె వేశాడు. "మధ్య గోడ కింద పునాది ఇంతే ఉంటే కుంగదూ? రెండు శ్లాబుల బరువు దాని మీదే కదా." ఇంకో ఎర్ర గీత. ఆ రెండూ నిజమే. మార్తకు సిగ్గు వేసింది, కోపమూ వేసింది. ఇంత తెలిసిన మనిషి ఇదంతా ఆఫీసులో బల్ల దగ్గరే చేసి ఉండొచ్చు. అప్పుడు మడిచి సొరుగులో పడేశాడు.

దిద్దటం అయ్యాక కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, పుల్లయ్య చేతికిచ్చాడు. "మద్రాసువాళ్ళతో నేను తేల్చుకుంటాను. ముగ్గు మార్చు."

ఆడవాళ్ళు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని పైకొచ్చారు. చప్పట్లు లేవు, దండాలు లేవు. చీరలకంటిన మట్టి దులుపుకుంటూ గుడారాల వైపు వెళ్ళారు.

జీపు గుణదల మలుపు దగ్గర ఆగినప్పుడు ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "రేపటి నుంచి రానక్కర్లేదు. ఆఫీసు పని బయట పెట్టిన మనిషిని నేను పెట్టుకోలేను."

"ప్లాను మంచిదని సంతకం పెట్టారు కదా సార్."

"ప్లాను మంచిదే. నువ్వు చేసిన పని మంచిది కాదు."

మార్త దిగింది. ఏదో ఒక మాట అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికి జీపు కదిలిపోయింది. ఆ అనని మాట ఏమిటో తర్వాత ఎన్నిసార్లు వెతుక్కున్నా ఆమెకు దొరకలేదు.

ఆ ఏడు చివరలో ఇళ్ళు తెరిచారు. పేపర్లో ఫోటో వేశారు. విదేశాలనుంచి వచ్చినవాళ్ళు దండలతో నిలబడి ఉన్నారు, పక్కన వెంకటకృష్ణారావుగారు. ఉప్పెన వస్తే ప్రాణాలు కాపాడుకోవటానికి సంఘంవారు ముందుచూపుతో మెట్లు ఏర్పాటు చేశారని రాశారు. జాన్‌బాబు ఆ పేపరు దాచేద్దామని చూశాడు గానీ అప్పటికే మార్త చదివేసింది. పొయ్యి రాజేయటానికి ఆ కాగితమే వాడింది. దానమ్మ పేరు లేదు. దానికే ఎక్కువ మండింది. తన పేరు గడిలో లేకపోవటం కొత్త సంగతి కాదు. గుంతలో కూర్చున్న మనిషి పేరు లేకపోవటం కొత్త.

మళ్ళీ ఎక్కడా ట్రేసరుగా చేరలేదు. పిలిచినవాళ్ళున్నారు. వెళ్ళలేదు. ముందు గదిలో జాన్‌బాబు చేయించిన బల్ల మీద బోర్డు పెట్టుకుని, మున్సిపాలిటీ అనుమతికి ఇళ్ళ ప్లానులు గీయటం మొదలుపెట్టింది. 'గీసినవారు' అన్న గడిలో తన పేరు పూర్తిగా రాసేది. ఖాళీ స్థలం ప్లానులో చూపించి తర్వాత కలిపేసుకుంటాం అన్నవాళ్ళను గుమ్మంలోంచే పంపేసేది. ఆ గుమ్మంలోంచి తిరిగిపోయినవాళ్ళు చాలామందే. ఉన్నవాళ్ళతో రోజులు గడిచాయి.

డెబ్బై తొమ్మిది మే నెలలో మళ్ళీ తుపాను. రేడియోలో గంటగంటకూ హెచ్చరికలు. మార్త రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. గాలి అటు దక్షిణాదికి తిరిగిందన్నారు. పాటిదిబ్బ సంగతి ఎవరూ చెప్పలేదు.

వారం పది రోజులకు ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు దానమ్మ నిలబడి ఉంది. ఈసారి చీర సరిగ్గా సరిపోయింది. చేతిలో ఎండుచేపల పొట్లం ఉంది. చిరునామా అడుక్కుంటూ వచ్చానంది. మార్త గబగబా మంచినీళ్ళు ఇచ్చింది.

"నీళ్ళొచ్చాయా?"

"మోకాలి దాకా వచ్చి పోయినయ్. చీకటి పడకముందే అందరం పైకెక్కాం. ముసలోళ్ళు, మేకలు, కోళ్ళు, గిన్నెలు, అన్నీ. పైనే గంజి కాచుకున్నాం." దానమ్మ గ్లాసు కింద పెట్టింది. "అది సరే. పిట్టగోడేది?"

"ఏమిటి?"

"శ్లాబు చుట్టూ పిట్టగోడ. లేదుగా. ఆ గాలికి మా పక్కింటి పిల్లోడు జారి అంచు దాకా పోయాడు. వాళ్ళమ్మ జుట్టు దొరకబుచ్చుకుని లాగింది. రాత్రంతా పిల్లల కాళ్ళు పట్టుకునే కూర్చున్నాం. మెట్లు గీసినమ్మవు, పిట్టగోడ గియ్యాలని తోచలేదా నీకు?"

మార్తకు చురుక్కుమంది. "అప్పుడు మీరెవరూ అడగలేదుగా."

"మాకేం తెలుసు? చదువుకుంది నువ్వు. శ్లాబు మీద కాపరం మేం ఎప్పుడన్నా చేశామా?"

"ఆ ఇంజనీరుగారు ఎర్ర పెన్సిలుతో అన్నీ దిద్దాడు. ఆయనకైనా తోచొద్దా?"

"ఆయన్నీ అడుగుతా. ముందు నిన్ను అడుగుతన్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దానమ్మ కళ్ళు తిప్పలేదు. మార్తకు ఇంకో మాట తోచింది గానీ అనలేదు. ఎదురుగా ఉన్న మనిషి చేప పొట్లం ఒళ్ళో పెట్టుకుని, జవాబు పట్టుకునే వెళ్ళేటట్టు కూర్చుంది.

"అరవై ఇళ్ళకీ కట్టాలంటే ఇటుక ఎక్కడిది?" అంది మార్త.

"గోడౌను గోడలు ఇంకా ఉన్నయ్. పడగొట్టుకోమని దాని ఓనరు మొన్న చెప్పాడు. పుల్లయ్యని అడిగా. సున్నమేసి కట్టొచ్చన్నాడు. ఎంత ఎత్తు కట్టాలో, ఎట్టా ఆనించాలో గీసిస్తేనే ముట్టుకుంటానన్నాడు."

మార్త లేచి బల్ల మీదున్న పెళ్ళి మంటపం ప్లాను పక్కకు తీసింది. కొత్త కాగితం బిగిస్తూ, "పిల్లల ఎత్తెంత?" అంది కటువుగా. "చిన్నోళ్ళది. నిలబడితే ఎక్కడి దాకా వస్తారు?"

దానమ్మ లేచి వచ్చి, తన నడుం దగ్గర అరచెయ్యి ఆనించి చూపించింది. మార్త టేపు తీసి, నేల నుంచి ఆ అరచేతి దాకా కొలిచింది.